గొంతు దొరికాక మొదలయ్యే పని

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విజయనగరంలో ఒక చిన్న రికార్డింగ్ గది నడుపుతూ ఉత్తరాంధ్ర పల్లెపాటలను, కథాగానాలను సొంత లేబుల్‌పై విడుదల చేస్తున్న నిర్మాత ఈ నెల పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తున్నారు.

ప్రశ్న: పెద్ద ఆడియో కంపెనీలకు ఊరూరా మనుషులు ఉంటారు. మీరు ఒక్కరే. ఒక పల్లెలో మంచి గొంతు ఉందని మీకెలా తెలుస్తుంది మేడం? విన్నాక దాన్ని రికార్డు చేయాలా వద్దా అన్నది ఎలా తేల్చుకుంటారు?
– డిగ్రీ విద్యార్థి, పార్వతీపురం

జవాబు: బాబూ, ఏ ఇంట్లో ఎవరు పాడతారో ఆ ఊరికి ఎప్పుడో తెలుసు. చివరగా తెలుసుకునేది నేనే. మైకుసెట్టు అద్దెకిచ్చే కుర్రాడు, జాతరకు మేళం మాట్లాడే పెద్దమనిషి, ఉపాధి హామీ పనుల దగ్గర మస్టరు చూసే మేటు – నాకు కబురు అందించేది వీళ్లే. మేటు పేరు చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. చెరువులో పూడిక తీస్తున్నప్పుడు, ఎండ నడినెత్తికొచ్చి జనం నీరసపడిన సమయంలో ఎవరు పాట ఎత్తుకుంటే మళ్లీ పారలు కదులుతాయో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అడిగే తీరును బట్టి జవాబు వస్తుంది. ‘మీ ఊళ్లో బాగా పాడేది ఎవరమ్మా?’ అంటే టీవీ పోటీలకు వెళ్లొచ్చిన పిల్లల పేర్లు చెబుతారు. ఆ పిల్లల మీద నాకు ఏ చిన్నచూపూ లేదు, వాళ్లకు దారి చూపించేవాళ్లు వేరే ఉన్నారు. నేను మాత్రం ‘నాట్లప్పుడు పాట ఎత్తేది ఎవరు? మధ్యలో చరణం మరిచిపోతే అందించేది ఎవరు?’ అని అడుగుతాను. అప్పుడు వేరే పేరు వస్తుంది. చాలాసార్లు ఆ పేరుగల మనిషి అక్కడే గుంపులో వెనక నిలబడి ఉంటుంది.

సాలూరు వైపు ఒక ఊళ్లో అమ్మవారి పండక్కి జముకుల కథ చెబుతున్నారు. జముకు చూశావో లేదో – ఒకవైపు చర్మం బిగించిన చిన్న డోలు, ఆ చర్మం మధ్య నుంచి ఒక తీగ వస్తుంది. ఆ తీగను ఒక చేత్తో లాగి సడలిస్తూ రెండో చేత్తో మీటుతుంటే ధ్వని మనిషి మూలిగినట్టు ఎక్కి దిగుతుంది. ప్రధాన కథకుడికి ఆ చుట్టుపక్కల మంచి పేరుంది, నేను వెళ్లింది ఆయన కోసమే. తెల్లవారుజామున ఆయన ఒకచోట తడబడ్డాడు. పక్కన వంత పాడే మనిషి, తల కూడా ఎత్తకుండా, తరువాతి పాదాన్ని గొంతులోనే అని అందించాడు. రాగం తీయలేదు, గమకం వేయలేదు. అరుగు మీద నిద్రకు జోగుతున్న ఇద్దరు ముసలమ్మలు లేచి కూర్చున్నారు. కథ ముగిశాక నేను మాట్లాడింది ఆ వంత మనిషితో. ‘నాకేం వచ్చమ్మా, ఆయన చెప్తాడు, నేను వంత పడతాను’ అన్నాడు. ఆయన చేత విడిగా ఒక కథ చెప్పించడానికి ఏడాదికి పైగా పట్టింది. ముందు ఆ ప్రధాన కథకుడి దగ్గరకు వెళ్లి అనుమతి అడిగాను, ఆయన మనసు నొచ్చుకుంటే ఆ మేళమే విడిపోతుంది కదా.

ఇక తేల్చుకోవడం సంగతి. కొత్త మనిషి ముందు ఎవరైనా మొదట పాడేది సినిమా పాటో, సినిమా గొంతుతో పాడే భజనో. అది నన్ను మెప్పించడానికి పాడేది. దాన్ని మధ్యలో ఆపను, పూర్తిగా వింటాను. తరువాత టీ వస్తుంది, పిల్లలు చుట్టూ చేరి వెళ్లిపోతారు, ఇంటివాళ్లు ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఆ తరువాత వచ్చే పాట కోసం కూర్చుంటాను. కోడలు తప్పు పాడితే అత్త చేట పక్కన పెట్టి ‘అలా కాదే’ అని సరిదిద్దుతుంది చూడు, ఆ ఒక్క పాదంలో ఆమె అసలు గొంతు ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీస్తోంది, కథలో దుఃఖం వచ్చిన చోట గొంతు పెంచుతోందా తగ్గిస్తోందా, తాళం తప్పినా మళ్లీ ఎక్కడ కలుస్తోంది – ఇవి గమనిస్తాను. అయినా అక్కడికక్కడ మాట ఇవ్వను. మర్నాడు పొద్దున్నే, ఆ మనిషి ముఖం ఎదురుగా లేనప్పుడు, మామూలు ఇయర్‌ఫోనులో మళ్లీ వింటాను. అప్పుడు కూడా చేతిలో పని ఆగిపోతే ఫోను చేస్తాను.

ప్రశ్న: రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని వెలుగులోకి తెచ్చిన సన్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ యజమాని గురించి మీరు ఒక సభలో ప్రస్తావించారు. అమెరికాలో ఎక్కడో ఒక మూల చిన్న గదిలో కూర్చుని అంతమందిని పట్టుకోవడం అదృష్టం కాదా? మన పల్లెపాటలకు ఆయన కథతో సంబంధం ఏమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, అదృష్టం లేదని అనను. కాని ఎల్విస్ ఆ గుమ్మం తొక్కడానికి ముందు ఆ యజమాని శామ్ ఫిలిప్స్ చేసిన పని చూస్తే అందులో అదృష్టం వాటా ఎంతో మీకే తెలుస్తుంది.

ఆయన 1923లో అలబామా రాష్ట్రంలో ఫ్లోరెన్స్ పట్టణం దగ్గర పుట్టారు. చిన్నతనంలో పత్తి పొలాల్లో పనిచేసే నల్లజాతి కూలీల పాటలు విన్నారు. రేడియో ఇంజనీరుగా పనిచేస్తూ 1950 జనవరిలో మెంఫిస్ నగరంలో యూనియన్ అవెన్యూ 706వ నంబరు ఇంట్లో ఒక చిన్న రికార్డింగ్ గది తెరిచారు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు, ఉపన్యాసాలు – ఎవరు ఏది అడిగినా రికార్డు చేసిపెట్టేవారు. బతకడానికి అది. ఆయన మనసంతా మరో పని మీద ఉండేది. మెంఫిస్ చుట్టూ నల్లజాతివారి బ్లూస్ అనే పాటల శైలిలో గొప్ప గాయకులు ఉన్నారు, అప్పటి దక్షిణాది రాష్ట్రాల్లో జాతుల వేర్పాటు చట్టమే కాబట్టి నల్లజాతివాళ్లు ధైర్యంగా వెళ్లి పాడే స్టూడియో ఆ ఊళ్లో దాదాపు లేదు. ఆ గది వాళ్ల కోసం. బి.బి. కింగ్ తొలినాటి రికార్డింగులు కొన్ని, హౌలింగ్ వుల్ఫ్ మొట్టమొదటి రికార్డింగులు అక్కడ జరిగాయి. మొదట్లో సొంత లేబుల్ కూడా లేదు, టేపులు చికాగోలోని చెస్ వంటి కంపెనీలకు పంపేవారు. సన్ పేరుతో సొంత లేబుల్ పెట్టింది 1952లో.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంఘటన 1951లోది. ఐక్ టర్నర్ బృందం మిసిసిపి నుంచి కారులో వచ్చింది. దారిలో గిటారు యాంప్లిఫయరు దెబ్బతింది, స్పీకరు కోను చిరిగింది. బాగు చేయించే వ్యవధి లేదు. ఫిలిప్స్ అందులో కాగితం కుక్కి వాయించమన్నారు. గిటారు గరగరమంటూ పలికింది. ఆ గరగరను మరుగుపరచకుండా, ముందుకు తెచ్చి రికార్డు చేశారు. ‘రాకెట్ 88’ అన్న ఆ పాట నల్లజాతి సంగీతపు జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఇంకొకరైతే ఆ బృందాన్ని బాగుచేయించుకుని మరోసారి రమ్మని వెనక్కి పంపేవారు. మా గదిలో ఒక పాత డోలు బీటలో నుంచి వచ్చే బుస్సు మంటున్న ధ్వనిని కొత్త ఇంజనీరు కుర్రాడు కంప్యూటర్‌లో తుడిచేయబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపడానికి కారణం ఈ కథే.

1953లో ఆయన నాష్‌విల్ జైలులో శిక్ష అనుభవిస్తున్న ఖైదీల బృందాన్ని కాపలాతో మెంఫిస్ రప్పించి పాడించారు. అదే ఏడాది వేసవిలో అప్పుడే హైస్కూలు ముగించిన ఎల్విస్ వచ్చాడు. నాలుగు డాలర్ల దాకా చెల్లించి తన కోసం రెండు పాటలు డిస్కు మీద ఎక్కించుకున్నాడు. ఆఫీసు పనులు చూసే మేరియన్ కీస్కర్ ఆ కుర్రాడి పేరు, మంచి గాయకుడన్న మాట రాసి ఉంచారు. ఆ చీటీకి చరిత్రలో రావలసినంత గౌరవం రాలేదని నా అభిప్రాయం. నా దగ్గర కూడా ఒక నోటు పుస్తకం ఉంటుంది, వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏం పాడారు, నాకేమనిపించింది అని అందులో రాస్తాను.

మరుసటి ఏడాది జూలైలో ఫిలిప్స్ ఎల్విస్‌ను పిలిపించారు. గిటారుకు స్కాటీ మూర్, బాసుకు బిల్ బ్లాక్. సాయంత్రమంతా నెమ్మది పాటలు పాడించారు, ఏదీ నిలబడలేదు. విరామంలో కుర్రాడు తనంతట తాను ఒక పాత బ్లూస్ పాట అందుకుని గెంతుతూ పాడటం మొదలుపెట్టాడు, మిగతా ఇద్దరూ కలిశారు. కంట్రోలు గదిలో ఉన్న ఫిలిప్స్ తల బయటపెట్టి, మీరు చేస్తున్నదేమిటి, మొదటి నుంచి మళ్లీ పాడండి అన్నారు. అంతే. గంటలకొద్దీ ఓర్చుకుని, ఆ నిమిషంలో చెవి అప్రమత్తంగా ఉండటమే ఆయన చేసిన పని. 1955 నవంబరులో ఎల్విస్ ఒప్పందాన్ని ఆర్‌సీఏ కంపెనీకి 35,000 డాలర్లకు అమ్మారు. వజ్రాన్ని చవకగా వదులుకున్నాడని ఇప్పటికీ అంటారు. చిన్న కంపెనీకి ఆ డబ్బు ఊపిరి పోసింది. కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్ పాటలు దేశమంతా వెళ్లింది సన్ లేబుల్ మీదే.

మాస్టారూ, ఇందులో రెండో సగం కూడా చెప్పాలి. తెల్లజాతి గాయకులు విజయం సాధించాక సన్‌లో నల్లజాతి గాయకులకు చోటు తగ్గిపోయింది. 1953లో ఆ లేబుల్‌కు మొదటి పెద్ద విజయం ఇచ్చిన రూఫస్ థామస్ ఈ మాట బాహాటంగానే అన్నారు. ఎల్విస్ ఆ రాత్రి అందుకున్న పాట ఆర్థర్ క్రూడప్‌ది. ప్రపంచమంతా ఆ పాట వింది. క్రూడప్ మాత్రం తనకు న్యాయంగా రావలసిన రాయల్టీలో అధిక భాగం చూడకుండానే 1974లో కన్నుమూశారు. మన పల్లెపాటలకు ఈ కథతో ఉన్న సంబంధం ఇదే. చెవి ఉన్న నిర్మాత ఒక గొంతును బయటికి తెస్తాడు, సరే. ఆ పాట ఎవరిదో, రాబడి ఎవరికి వెళ్లాలో మొదటి రోజే కాగితం మీద రాయకపోతే అతను చేసిన మేలులోనే అన్యాయం కలిసిపోతుంది.

ప్రశ్న: మా అన్నయ్య సొంతంగా రాసి, బాణీ కట్టి పాడిన నాలుగు పాటలను ఒక సంస్థవాళ్లు రికార్డు చేశారు. కొంత డబ్బు ఇచ్చి, ‘సర్వహక్కులు మావే’ అని స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండేళ్లు దాటింది, ఒక్కటీ విడుదల చేయలేదు. ఆ పాటలు వేదికల మీద పాడినా కేసు పెడతామంటున్నారు. మేం ఇక వాటిని మరిచిపోవలసిందేనా?
– గృహిణి, సిద్దిపేట

జవాబు: మరిచిపోవద్దు చెల్లెమ్మా. ముందు ఆ కాగితం నకలు మీ చేతిలో ఉందా? లేకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి అడగండి. సంతకం చేసిన మనిషి దగ్గర నకలు లేకపోవడం మన పల్లె గాయకుల ఇళ్లలో మామూలైపోయింది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

నకలు దొరికాక అందులో కాలపరిమితి, ఏయే ప్రాంతాలకు అన్న వివరం ఉన్నాయేమో చూడండి. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అర్థం. మీకు అన్నిటికన్నా అక్కరకొచ్చే మాట అదే సెక్షన్‌లో ఉంది: హక్కులు పుచ్చుకున్నవారు ఏడాది లోపల వాటిని ఉపయోగించకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కులు రద్దయినట్టే. మీ అన్నయ్య విషయంలో రెండేళ్లు దాటాయంటున్నారు. ‘వేరేగా రాసుకుంటే తప్ప’ అన్న షరతు ఉంది కాబట్టి కాగితంలోని ప్రతి వాక్యం న్యాయవాదికి చూపించాలి.

ఒకవేళ శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని రాయించుకున్నా ఒకటి మాత్రం వాళ్లు తీసుకోలేరు. 2012లో చట్టానికి చేసిన సవరణ వల్ల, సినిమాకు చెందని రికార్డింగులో వాడిన సాహిత్యానికి, బాణీకి వచ్చే రాయల్టీలో రచయిత, స్వరకర్తల సమాన వాటాను ఏ సంతకమూ తుడిచేయలేదు. పాట రాసింది, బాణీ కట్టింది మీ అన్నయ్యే కాబట్టి ఆ వాటా ఆయనది. పాడినందుకు గాయకుడిగా ఉండే హక్కు వేరు, అది 50 ఏళ్లు ఉంటుంది. తన పేరు ప్రకటించమని అడిగే హక్కు కూడా చట్టం గాయకుడికి ఇచ్చింది.

జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. తక్కువ ఆదాయం ఉన్నవారికీ ఆ సాయం ఉంది. ముందుగా పాత డైరీలు, పాటలు రాసుకున్న కాగితాలు, తేదీ ఉన్న ఫోను రికార్డింగులు ఒకచోట చేర్చండి. అవి ఆయన పాటలని రుజువు చేసేవి అవే.

ప్రశ్న: మా నాయనమ్మ తిరగలి పాటలు పాడేది. అచ్చం అదే పాట ఒకరు తమ పేరు మీద యూట్యూబులో పెట్టి ‘రచన, సంగీతం’ అని కూడా వేసుకున్నారు. మేం ఏమైనా చేయగలమా?
– ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్ (సొంతూరు టెక్కలి)

జవాబు: తరతరాలుగా నోటికి నోరు అందుకున్న పాట మీద ఎవరికీ రచన హక్కు లేదు. మీ నాయనమ్మకూ లేదు, వాళ్లకూ లేదు. కాబట్టి వాళ్లు ఆ పాట పాడుకోవచ్చు, దానికి కొత్తగా వాయిద్యాలు చేర్చి ఆ కూర్పు తమదనవచ్చు. ‘రచన మాది’ అనడానికి మాత్రం వీల్లేదు. మీ నాయనమ్మ పాడినప్పటి రికార్డింగు ఏదైనా, పెళ్లి క్యాసెట్టు అయినా సరే, మీ ఇంట్లో ఉంటే అది గట్టి సాక్ష్యం. వాళ్లు ఆవిడ రికార్డింగునే ఎత్తుకుని వాడితే వ్యవహారం వేరు, అది నేరుగా హక్కుల ఉల్లంఘన.

జానపదం అందరిదీ అనే మాట నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని, పాడినవాళ్ల పేరు ఎగరగొట్టే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటి పెద్దలు ఊళ్లు తిరిగి వేలకొద్దీ పాదాలు కాగితం మీదికి ఎక్కించకపోతే ఈ రోజు ఏ పాట పాతదో చెప్పడానికి మనకు ఆధారమే ఉండేది కాదు. నేను ప్రతి పాట వివరాల్లో ‘సంప్రదాయ గీతం’ అని రాసి, పాడినవారి పేరు, ఊరు, మండలం, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి తప్పనిసరిగా చేరుస్తాను. ‘మా మేనత్త దగ్గర’ అంటే ఆ మేనత్త పేరు కూడా.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ తొలి గ్రామఫోను రికార్డులు ఇచ్చినప్పుడు పాట చివర గట్టిగా తన పేరు చెప్పేది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా. నేనూ ఫీల్డు రికార్డింగు ముగిసే ముందు పాడినవారి చేతే పేరు, ఊరు, తేదీ చెప్పిస్తాను. ఫైలు ఎన్ని చేతులు మారినా పేరు దానితోనే వెళ్తుంది. మీ ఇంట్లో ఇంకా పాడేవాళ్లుంటే ఈ పండక్కి ఊరెళ్లినప్పుడు ఈ పని చేయండి.

ప్రశ్న: మా డప్పు బృందాన్ని ఫోనులో రికార్డు చేస్తే ధ్వని పగిలిపోతోంది. స్టూడియోకు వెళ్లే స్తోమత లేదు. ఏం చేయాలి?
– డప్పు కళాకారుడు, జనగామ

జవాబు: తమ్ముడూ, ఫోను దగ్గరగా పెట్టడం వల్ల పగులుతోంది. ఆరేడు అడుగుల దూరం జరపండి, డప్పులకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. ఫోనులో స్థాయిని చేత్తో తగ్గించుకునే రికార్డింగు యాప్ వేసుకోండి, గట్టి దెబ్బ పడినప్పుడు కూడా సూచిక ఎర్రగీతకు చాలా కింద ఉండాలి. తక్కువ స్థాయిలో చేసినదాన్ని తరువాత పెంచుకోవచ్చు, పగిలినదాన్ని ఎవరూ బాగుచేయలేరు. సిమెంటు గది వద్దు. చెట్టు కింద, గోడలు దగ్గరలో లేని చోట చేయండి. తెల్లవారుజాము మంచిది, బళ్ల మోత ఉండదు.

చర్మం డప్పులైతే ప్రతి పాటకూ మంట దగ్గర కాస్త కాపండి. మూడో పాటకు చర్మం సడలి ధ్వని దిగిపోతుంది, మొదటి పాటకూ దానికీ పొంతన ఉండదు. లావు కర్ర చిర్ర దెబ్బ ఎవరికైనా వినపడుతుంది, సన్నని చిటికెన పుల్ల పలుకు మాత్రం రికార్డింగులో మొదట మాయమవుతుంది. ఆ పుల్ల పలుకు బాగా ఉన్న మనిషిని ఫోనుకు కాస్త దగ్గరగా నిలబెట్టండి. ఇక పాడే మనిషిని డప్పుల వెనక నిలబెట్టకండి, ముందు నిలబెట్టండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. మా యాసలోనే పాడుతుంది. ఒక స్టూడియోలో యాస మార్చుకోమన్నారు, గొంతుకు స్వరాన్ని కంప్యూటర్‌తో దిద్దే ఆటోట్యూన్ వేశారు. ఇప్పుడు వింటే మా పిల్లలాగే లేదు. కాలాన్ని బట్టి ఇలా చేయక తప్పదా?
– ఒక తల్లి, పలాస

జవాబు: తప్పుతుందమ్మా. మన పల్లెపాటలో స్వరం రెండు మెట్ల మధ్య జారుతుంది, ఆ జారుడులోనే ఏడుపూ ఎత్తిపొడుపూ ఉంటాయి. యంత్రం దాన్ని తప్పుగా లెక్కగట్టి దగ్గరి మెట్టు మీదికి లాగేస్తుంది. యాస సంగతి చెప్పనక్కర్లేదు – శ్రీకాకుళం పాటకు శ్రీకాకుళం పలుకు తీసేస్తే ప్రాస కూడా చెడుతుంది. దిద్దని అసలు ఫైలు ఇమ్మని ఆ స్టూడియోను అడిగి తీసుకోండి, డబ్బు కట్టింది మీరు కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఇంకో మాట. అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి తను ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు, మీరు కూడా చదవకుండా చేయకండి.

ప్రశ్న: మీరు గాయకులకు డబ్బు ఎలా ఇస్తారు? యూట్యూబ్, ఇతర యాప్‌ల నుంచి నిజంగా ఏమైనా వస్తుందా?
– జానపద గాయకుడు, కరీంనగర్

జవాబు: మా పద్ధతి చెబుతాను, మెరుగైనది తెలిస్తే మీరు నాకు రాయండి. గది, ఇంజనీరు, మిక్సింగు ఖర్చు నాది. గాయకులకు, వాయిద్యకారులకు వచ్చిన రోజే కూలి ఇస్తాం, రాబడి వచ్చేదాకా ఆగమనడం న్యాయం కాదు, ఆ రోజు వాళ్లకు పొలం పని పోయింది. తరువాత వచ్చే రాబడి చెరిసగం. పాట, బాణీ హక్కు రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది. రికార్డింగు వాడుకునే అనుమతి నాకు ఏడేళ్లు, ఆ తరువాత ఇద్దరం మళ్లీ మాట్లాడుకోవాలి. ఒప్పందం ఒక్క పేజీ, తెలుగులో. చదువు రానివాళ్లకు వాళ్లు నమ్మిన మనిషి చేత చదివిస్తాను, నేను చదవను. లెక్కల కాగితం ఏడాదికి రెండుసార్లు పంపుతాను, రాబడి ఏమీ లేకపోయినా సరే.

ఎంత వస్తుందంటే, చాలా పాటలకు తక్కువే. ఎక్కువమందికి అసలు రాబడి పాట బయటికి వెళ్లాక వచ్చే పెళ్లిళ్లు, జాతరలు, సభల పిలుపుల నుంచే. అందుకే విడుదలైన ప్రతి వీడియో కింద గాయకుడిని పిలవడానికి నంబరు వాళ్లదే పెడతాం, నాది కాదు. మధ్యవర్తిగా నేను కమీషను తీసుకోను.

మీరు సొంతంగా విడుదల చేస్తుంటే ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి. పాటలను యాప్‌లకు చేర్చే పంపిణీ సంస్థలు దాన్ని ఇస్తాయి. అది రాసి ఉంచుకోండి, సంస్థ మారినా పాత పాటకు అదే సంఖ్య వాడాలి. లేకపోతే విన్నవారి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాట రాసి బాణీ కట్టేవాళ్లయితే, వాళ్ల రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి, ఆ సంఘం 1969 నుంచి ఉంది. గాయకుల కోసం 2013లో ఇస్రా పేరుతో వేరే సంఘం మొదలైంది. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. పంపిణీ సంస్థ ద్వారా పాట వెళ్లాక, అదే పాట మీ సొంత ఛానల్‌లో పెడితే యూట్యూబ్ మీ మీదే హక్కుల అభ్యంతరం చూపిస్తుంది. భయపడి వీడియో తీసేయకండి. మీ ఛానల్‌ను మినహాయింపు జాబితాలో చేర్చమని ఆ సంస్థకు రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. తత్వాలు పాడతాను. మీకు పంపవచ్చా? ఇంత వయసులో వింటారా?
– వ్యవసాయ కూలీ, చీపురుపల్లి

జవాబు: పంపండక్కా. తత్వం వయసు పెరిగిన గొంతులోనే నాకు ఇంపుగా ఉంటుంది. మీ అబ్బాయి చేతో మనవరాలి చేతో ఫోనులో రెండు తత్వాలు రికార్డు చేయించి పంపండి. తంబుర, చిడతలు ఉంటే ఉండనివ్వండి, లేకపోతే వట్టి గొంతు చాలు. వెనక కోళ్లు కూసినా, ఎవరైనా పిలిచినా మళ్లీ మొదలుపెట్టకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చివర చెప్పండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయ్యేదాకా నేను ఊళ్లన్నీ తిరుగుతుంటాను కాబట్టి జవాబు కొంచెం ఆలస్యమవుతుంది. ఆ తరువాత వారంలో చీపురుపల్లి మీదుగానే రాజాం వెళ్తున్నాను, పనికి వెళ్లని రోజు ఏదో చెబితే ఇంటికే వస్తాను.